మెదక్‌లో చూయింగ్ గమ్ నమలు విధానము

ముందుగా, గమ్ కొందామని బయల్దేరకండి. మన ఊళ్ళో అది కొనే వస్తువు కాదు, వచ్చే వస్తువు. రాందాస్ చౌరస్తా దగ్గర ఏదో దుకాణంలో తొమ్మిది రూపాయల సరుకు తీసుకుని పది నోటివ్వండి. "రూపాయి చిల్లర లేదన్నా" అన్న మాటతో పాటు అదే చేతిలో పడుతుంది. ఫోన్‌తో చెల్లించేవారు ఈ ఆరోగ్య పథకానికి అనర్హులు.

చక్కెర ఉన్నదే ఎంచుకోండి. నోట్లోని బాక్టీరియా కూడా బతకాలి కదా. భోజనమయ్యాక చక్కెర లేని గమ్ ఓ ఇరవై నిమిషాలు నమిలితే లాలాజలం ఊరి, పళ్ళను తినే ఆమ్లం పలచబడుతుందనీ, పుప్పిపళ్ళు కొంత తగ్గుతాయనీ దంతవైద్యులు ఒప్పుకుంటారు. ఒప్పుకుని ఊరుకోరు, బ్రష్ మాత్రం మానొద్దంటారు. ఆ మాత్రానికి గమ్మెందుకు?

షుగర్‌ఫ్రీయే కావాలనుకుంటే మాత్రం మితం పాటించకండి. అందులో తీపి కోసం వేసే సార్బిటాల్ పేగుల్లో సరిగా ఇంకదు, నీళ్ళను లోపలికి లాగుతుంది. ఏళ్ళ తరబడి డైటింగ్ చేసినా తగ్గనివారు 2008లో బెర్లిన్ వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన ఇద్దరు రోగుల సంగతి తెలుసుకోవాలి. విరేచనాలు ఆగలేదు. ఒకరు 11 కిలోలు తగ్గారు, ఇంకొకరు 22. రకరకాల పరీక్షలు చేసి, చివరికి ఏం తింటున్నారని ఆరా తీస్తే రోజంతా షుగర్‌ఫ్రీ గమ్ నములుతున్నారని తేలింది. మానేశారు, తగ్గింది. ఈ పద్ధతి మొదలుపెట్టిన రోజున హైదరాబాద్ బస్సెక్కకండి. దాదాపు వంద కిలోమీటర్లు, కండక్టర్ దయ మీద ఆధారపడాలి.

ఎప్పుడూ ఒకవైపే నమలండి. కొన్నాళ్ళకు చెవి ముందు దవడ కీలు టక్కుమంటుంది. మధ్యమధ్యలో మింగిన గాలికి పొట్ట ఉబ్బితే, మధ్యాహ్నం పప్పును తిట్టుకోండి.

సిగరెట్ వాసన ఇంట్లో తెలియకుండా గమ్ నమిలేవారికి ఒక్క మాట: అమ్మకు ఇప్పుడు రెండు వాసనలూ తెలుస్తున్నాయి.

నిజంగానే సిగరెట్ మానాలనుకునేవారికి మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములది. దాన్ని నెమ్మదిగా నాలుగైదుసార్లు నమిలి, చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచి ఆగాలి, చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. మీరు ఆగకండి. గబగబా నమిలి ఊటంతా మింగేయండి. ఎక్కిళ్ళు, కడుపులో మంట వస్తాయి. "ఇది మనకు పడదు" అని తేల్చేసి, నిశ్చింతగా సిగరెట్ ముట్టించుకోవచ్చు.

ఇక పారేయడం. పిల్లలు పొరపాటున ఒకటి మింగితే ఏడేళ్ళు కడుపులో ఉంటుందని బెదిరించండి. నాలుగు రోజుల్లో బయటికి పోతుందని చెబితే మన మాటకు విలువేముంటుంది? మన తాతలు చప్పరించిన తుమ్మబంక నోట్లోనే కరిగిపోయేది, బొత్తిగా చేతకాని సరుకు. ఒకప్పుడు గమ్మునూ సపోటా చెట్టు పాలతోనే చేసేవారు. ఇప్పటి గమ్ములో ఎక్కువగా ఉండేది కృత్రిమ పాలిమర్లు, టైరు ట్యూబుల రబ్బరుకు దగ్గరి చుట్టాలు. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన మన చర్చి వందేళ్ళు దాటి నిలబడింది, నిజమే. బస్టాండు బెంచీ కింద మీరు అంటించినదాన్నీ తక్కువ అంచనా వేయకండి. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయమని కొందరు సలహా ఇస్తారు. ఆ కాగితం నమలడానికి ముందే రోడ్డు మీద పారేశాం కదా!