బండి ఉంది గదా, ఇంక కేసెందుకు?

శ్రీయుత ద్విచక్రవాహన యోగక్షేమ కమిషనర్ గారికి,
ఐటీ కారిడార్, సైబరాబాద్.

విషయం: దొంగలు పూర్తిగా ఎత్తుకుపోకుండా సగంలో వదిలేసిన మోటారు సైకిలు – మరమ్మతు ఖర్చులు – తమ దయాదృష్టి కోరుట గురించి.

అయ్యా,

తమ పదవి ఇంకా మంజూరు కాలేదని నాకు తెలుసు. జీవో రాలేదు, గది ఇవ్వలేదు, కుర్చీ కూడా వేయలేదు. అయినా రాస్తున్నాను. పదవిలో ఉన్నవాళ్లను అడిగితే ఇది తమ పరిధిలోకి రాదని ఒక్కొక్కరూ మర్యాదగానే చెప్పారు. ఎవరి పరిధిలోకీ రానిది లేని అధికారి పరిధిలోకైనా రావాలి గదా అన్న ధైర్యంతో ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

నేను హైటెక్ సిటీలో ఒక టవర్‌లో ఏసీలు చూసుకునే కాంట్రాక్టు టెక్నీషియన్ని. రెండో షిఫ్టు. కాపురం బోరబండలో. అమెరికా పగటి వేళకు పనిచేసే వాళ్లకు ఇక్కడ చెమట పట్టకుండా చూడటం నా ఉద్యోగం. అర్ధరాత్రి నేను దిగేసరికి మెట్రో ఉండదు. రోజూ క్యాబ్ ఎక్కితే నెలాఖరుకు జీతం ఉండదు. అందుకని 2018 మోడల్ స్ప్లెండర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. టవర్ సెల్లారులో వెండర్ స్టాఫ్ బండ్లకు చోటు లేదు గనక వెనక సందులో, వీధి దీపం కింద పెడుతుంటాను. ఆ దీపం అప్పుడప్పుడు వెలుగుతుంది.

మొన్న షిఫ్టు దిగి వచ్చేసరికి బండి పెట్టిన చోటే ఉంది. కానీ హ్యాండిల్ ఒక వైపు, ముందు చక్రం ఒక వైపు చూస్తున్నాయి. హ్యాండిల్ లాక్ విరగ్గొట్టారు. తాళం కింది వైర్లు కోశారు. ఎంత తిప్పలు పడ్డా స్టార్ట్ కాలేదు కాబోలు, ఆ కోపం సైడ్ ప్యానెల్ మీద చూపించారు. వట్టి చేతులతో పోవడం బాగుండదని బ్యాటరీ, రెండు అద్దాలు, ట్యాంకులో ఉన్న పెట్రోలు పట్టుకెళ్లారు.

స్టేషన్‌లో ఒక పెద్దాయన ఓపిగ్గా విన్నారు. విని, ‘బండి ఉంది గదా తమ్మీ, ఇంక కేసెందుకు?’ అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ మాట వెనక పెద్ద చట్టమే ఉంది.

2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత శిక్షాస్మృతి కింద దొంగతనం ఎంత చిన్నదైనా పోలీసులు తమంత తాము దర్యాప్తు చేయదగ్గ నేరమే. ఇప్పుడు పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తు మొదలుకాదు. మొదటిసారి నేరం రుజువైనవాడు సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్షగా సమాజ సేవ చేస్తే చాలు. ఇక ఆస్తి పాడుచేయడానికి 324వ సెక్షన్ మెట్లు కట్టింది. నష్టం లక్ష, ఆపైన అయితే ఐదేళ్ల దాకా, 20,000 నుంచి లక్ష లోపైతే రెండేళ్ల దాకా, అంతకన్నా తక్కువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

నా దొంగలు చదువుకున్నవాళ్లలా ఉన్నారు. పట్టుకెళ్లినవన్నీ కలిపినా రెండు వేలు దాటవు, విరగ్గొట్టినవి ఇరవై వేలు దాటవు. రెండు లెక్కల్లోనూ అట్టడుగు మెట్టు మీదే ఆగారు. ఆ మెట్టు చట్టానికి చిన్నది, నా జీతానికి పెద్దది.

అయితే ఇక్కడ తమరు గమనించాల్సిన మెలిక ఒకటుంది. అద్దం విప్పడానికి ఒక స్పానర్ చాలు. బ్యాటరీకీ అంతే. హ్యాండిల్ లాక్ విరిచినవాడు అద్దాల కోసం రాలేదు, బండినే తోలుకుపోదామని వచ్చాడు. అంటే ఇది రెండు వేల దొంగతనం కాదు, నలభై వేల బండిని దొంగిలించే ప్రయత్నం. దొంగతనం సెక్షన్ 303(2)కు నేర ప్రయత్నానికి వర్తించే 62వ సెక్షన్ జోడించి రాస్తే పోలీసులు నేరుగా దర్యాప్తు చేయవచ్చు. పోయినవాటి విలువ రాస్తే కాగితం బీరువాలోకి పోతుంది, పోబోయినదాని విలువ రాస్తే కేసవుతుంది. అంతా ఫిర్యాదులో మొదటి వాక్యం మీద ఆధారపడి ఉంది. అర్ధరాత్రి ఏడుపు ముఖంతో వచ్చినవాడికి ఆ వాక్యం చెప్పిపెట్టే మనిషి ఒక్కరూ ఉండరు.

కెమెరాల సంగతి కూడా మనవి చేస్తాను. ఒకేసారి వంద మంది చేరే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. మా టవర్‌కు కెమెరాలకు లోటు లేదు. ఫుటేజీ అడిగితే సెక్యూరిటీ ఆఫీసు వాళ్లు ‘పోలీసు లెటర్ తెండి’ అన్నారు. లెటర్ అడిగితే స్టేషన్‌లో ‘ఎఫ్‌ఐఆర్ ఉంటేనే’ అన్నారు. ఎఫ్‌ఐఆర్ అడిగితే ‘ఆధారం ఏముంది?’ అన్నారు. ఆధారం ఆ ఫుటేజీలో ఉంది. ఈలోగా తోసుకెళ్తున్న బండికే, అద్దాలు లేకుండా నడిపారంటూ చలానా మాత్రం ఫొటోతో సహా నా ఫోనుకు చేరింది. కెమెరాలు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయని అలా తెలిసింది.

బీమా ఉంది గదా అంటారేమో. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త బండి కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది నా బండి తగిలి ఎదుటివాడికి నష్టం జరిగితే చూసుకుంటుంది, నా బండికే నష్టం జరిగితే తల తిప్పుకుంటుంది. పాతబండి కొన్నవాళ్లలో చాలామందికి, నాతో సహా, అదొక్కటే ఉంటుంది. ఓన్ డ్యామేజ్ పాలసీ ఉన్న అదృష్టవంతుల లెక్క కూడా వేసి చూశాను. బ్యాటరీ, ప్లాస్టిక్, రబ్బరు సామాన్లలో సగం కోత. ఐదేళ్లు దాటిన బండికి ఇనుప సామాన్లలో 40 శాతం కోత. ఆపైన తప్పనిసరిగా మనం భరించాల్సింది వంద రూపాయలు. క్లెయిము చేసిన పాపానికి ఇన్నాళ్లూ పోగైన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. బోనస్ యాభై శాతం దాకా పెరిగినవాడు రెండు వేల కోసం క్లెయిము వేస్తే చివరికి మిగిలేది పెద్దగా ఉండదు. అన్నిటికన్నా ముచ్చటైన షరతు ఇంకొకటి. మనం అదనంగా బిగించుకున్న బాక్సు, ఫోన్ హోల్డరు లాంటి యాక్సెసరీలు దొంగలపాలైతే, వాటితోపాటు బండి కూడా పోయి ఉంటేనే డబ్బిస్తారు. ఇక్కడ కూడా నా బండి మిగలడమే నా నేరం.

కాబట్టి అయ్యా, మరమ్మతు నా జేబు మీద పడింది. షోరూములో అడిగితే తొమ్మిది వేలకు అంచనా రాసిచ్చారు. తాళం సెట్టు, వైరింగు మొత్తం, ఫోర్క్ పైన ఉండే టీ, రంగు కలిసే ప్యానెళ్లు, అన్నీ కొత్తవే వేస్తారట. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మా గల్లీ మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాను. ఆయన బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ‘అన్నా, ముందు నీ పానం ఆగే సామాన్ జూద్దాం, అందం సంగతి దసరాకు జూద్దాం’ అన్నాడు. తక్కువ డబ్బుతో బండి బాగుచేసుకునేవాడికి ఇంతకు మించిన సూత్రం లేదు.

లాక్ బలవంతంగా విరిచినప్పుడు హ్యాండిల్ మరీ తిరగకుండా ఆపే ఇనుప ముక్క కూడా చిట్లవచ్చు. అందుకని మొదట హ్యాండిల్, ఫోర్క్ చూశాడు. టీ పగల్లేదు, ఆ ముక్కకు వెల్డింగు చాలింది. హ్యాండిల్ సరిచేయడంతో కలిపి 400. రెండోది పెట్రోలు పైపు, కాక్, 180. పెట్రోలు కారే చోట వైర్లు తేలి ఉంటే బండి తగలబడుతుంది గనక అది ఆలస్యం చేయకూడదు. మూడోది వైరింగు. షోరూము వాళ్లు మొత్తం మార్చాలన్నారు గానీ, కోసింది తాళం దగ్గర జానెడు మేర. అది నా వృత్తి. ప్రతి వైరుకూ రంగు చూసి, టంకం పెట్టి, స్లీవు తొడిగి, ఫ్యూజు మార్చి నేనే కలిపాను. సామానుకు 120. తాళం సెట్టు మాత్రం పాతది తీసుకోవద్దన్నాడు మెకానిక్, ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు గనక. కొత్తది పుత్లీబౌలిలో 850. వారంటీ ఉన్న బ్యాటరీ 1,150. అద్దాల జత 200. సైడ్ ప్యానెల్ పాతసామాన్ల దుకాణంలో 250కి దొరికింది. బండి నలుపు, ప్యానెల్ ఎరుపు. మెకానిక్ కూలి 600. మొత్తం 3,750 రూపాయలు. కొత్త సామాన్ల ధరలో జీఎస్టీ కలిసే ఉంది. 2025 సెప్టెంబరు 22న విడిభాగాల మీద 28 శాతం పన్ను 18 శాతానికి దిగిన మాట నిజమే, కృతజ్ఞుణ్ణి. దొంగ పగలగొట్టిన ప్రతిదానిలోనూ సర్కారుకు ఒక వాటా వెళ్తోందని మాత్రం తమ దృష్టికి తెస్తున్నాను.

ఇంతకీ ఈ బండి వీధిలో ఎందుకుంది? 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2019లో మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిసింది. అన్నీ మంచివే, నేను కూడా సెల్ఫీ దిగాను. కానీ ఇన్ని రిబ్బన్లు కత్తిరించినచోట టవర్‌ను రాత్రంతా నడిపే హౌస్‌కీపింగ్ అమ్మ స్కూటీకి, ఎలక్ట్రీషియన్ బైకుకు, గార్డు మోపెడ్‌కు ఒక ఇనుప కమ్మీ నాటించినవాళ్లు లేరు. భవనంలో ఇంత శాతం పార్కింగుకు వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతుంది. అందులో మా బండ్లు వస్తాయా రావా అన్నది మాత్రం గేటు దగ్గరి గార్డు తేలుస్తాడు. పాపం అతని బండి కూడా నా బండి పక్కనే ఉంటుంది.

కావున తమరు పదవిలోకి రాగానే ఈ కింది ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థన.

ఒకటి. హ్యాండిల్ లాక్ విరిగిన ప్రతి బండినీ వాహన చోరీ ప్రయత్నంగా నమోదు చేయాలి. బండి మిగిలిందన్నది కేసు రాయకపోవడానికి కారణం కాకూడదు.

రెండు. ఫిర్యాదు అందిన రోజే ఫుటేజీ చెరిపేయవద్దని చుట్టుపక్కల భవనాలకు స్టేషన్ నుంచి కాగితం వెళ్లాలి.

మూడు. టవర్ పార్కింగులో కాంట్రాక్టు సిబ్బంది బండ్లకు వాటా ఉండాలి. కుదరని చోట వీధిలోనే దీపం, కెమెరా, గొలుసు వేసుకునే కమ్మీ ఉన్న స్టాండు కట్టించాలి. ఒక కారు ఆగే చోట నాలుగు బండ్లు పడతాయి. కమ్మీ ఖర్చు ఆ టవర్ లాబీలో పూలకుండీల ఖర్చుకన్నా తక్కువే అవుతుంది.

నాలుగు. పాతబండ్లవాళ్లు కొనగలిగేలా చోరీ, చోరీ ప్రయత్నం వరకే వర్తించే చిన్న పాలసీ ఒకటి తెప్పించాలి. చిన్న క్లెయిముకు బోనస్ తీసేయకూడదు.

తమ ఆఫీసు తెరిచే రోజు కోసం ఎదురుచూస్తూ,
ఇట్లు, తమ విధేయుడు,
ఒక రెండో షిఫ్టు టెక్నీషియన్, బోరబండ.

ప్రతి: తోటి బండివాళ్లకు.

అధికారి వచ్చేదాకా మన జాగ్రత్త మనది. బండి కదల్చకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి, విరిగిన లాక్ కనబడేలా. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. ‘నా బండిని దొంగిలించడానికి ప్రయత్నించారు’ అని మొదలుపెట్టి, బండి విలువ రాసి, పోయిన సామాన్ల జాబితా ఆ తరువాత రాయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా పొందడం మన హక్కు. స్టేషన్‌లో తీసుకోకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(4) కింద అదే కాగితాన్ని పై అధికారికి పోస్టులో పంపవచ్చు. సందులో ఒక్కరి కాగితం వెళ్తే దాన్ని పక్కన పెట్టేయొచ్చు, పదిమందివి వెళ్తే ఆ సందుకు దీపం వస్తుంది. బండి మిగిలింది చాల్లే అని ఊరుకోకండి, రాసి ఇవ్వండి.