రంగం లాంతరు

నా ఒళ్ళంతా రేకు, నడుమ గాజు, పొట్టలో కిరసనాయిలు, అందులో మునిగిన ఒత్తి. ఇంతే నేను. బారువ దగ్గర ఉద్దానంలో ఒక పెంకుటింటి అటక మీద, పాత చాపల పక్కన ఉంటున్నాను. ఇంట్లోవాళ్ళు ఈనాటికీ నన్ను రంగం లాంతరనే అంటారు.

రంగం అంటే రంగూన్. పంట పోయినా, అప్పు పెరిగినా మా వైపు మనుషులు రంగం ఓడ ఎక్కేవారు. అక్కడివాళ్ళు వీళ్ళందరినీ ‘కోరంగీలు’ అనేవారు. సోంపేటవాడైనా, బొబ్బిలివాడైనా వాళ్ళకి కోరంగీయే. నన్ను కొన్నవాడు రంగం రేవులో బియ్యం బస్తాలు మోసే కూలీ. వారం కూలి నా మీద పెట్టాడని పెళ్ళాం రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాటికి నన్ను చూరుకి తగిలించింది తనే, గుంటడి కోసం.

గుంటడికి రెండో ఏట పెద్ద జ్వరం వచ్చింది. తగ్గింది గాని, పోతూపోతూ వినికిడి పట్టుకుపోయింది. ఇక ఆ ఇంట్లో మాటలన్నీ చేతుల మీదే నడిచాయి. మీసం మెలేస్తే అయ్య. అరచెయ్యి అలలా ఊపితే సొంతూరు. రెండు చేతులూ తలపైన కలిపితే బంగారు గోపురం, అంటే రంగం. మణికట్టు తిప్పితే నేను. నా ఒత్తి మర తిప్పడమన్నమాట.

పొద్దుగూకాక ఆ ఇంట్లో మాటలుండాలంటే నేను వెలగాలి. నన్ను ఆర్పేస్తే వినే పిల్లలు చీకట్లో కూడా అమ్మతో కథ చెప్పించుకుంటారు. వీడికి ఆ వీలు లేదు. నేను ఆరితే వీడి ఊరూ, అమ్మా, అయ్యా అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. అప్పుడు వాడు అయ్య గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవాడు. అయ్య పాట పాడేవాడు, వాడు అరచేత్తో వినేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత చెప్పినవాడు, ఆ శంఖాన్ని వాడి గుండెకి ఆనించి ఊదలేదు కాబోలు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీదికొచ్చాయి. అవేమిటో చూద్దామని జనం వీధుల్లోకి వచ్చి తలలెత్తి నిలబడ్డారు. చాలామంది అలాగే పోయారు. గుంటడికి సైరను తెలీదు. కాళ్ళ కింద నేల అదిరింది, నా గాజు బీటవారింది. వాడు పగులు చూసి మణికట్టు తిప్పి, నాకేమైందని అమ్మనడిగాడు.

బాంబులకన్నా వాణ్ణి ఎక్కువ చంపింది ఆ తర్వాతి చీకటి. రాత్రి ఏ ఇంట్లోనూ దీపం కనపడకూడదని హుకుం. అందరికీ అది బాంబుల నుంచి కాపాడే చీకటి. వీడికి మాత్రం నోరు కట్టేసిన చీకటి. ఎందుకు పరిగెడుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో, రేపు ఎక్కడికి పోతారో ఎవరూ చెప్పరు, చెప్పలేరు. అమ్మ నన్ను గంప కింద పెట్టి, మీద దుప్పటి కప్పి, కానీబిళ్ళంత వెలుగు వదిలేది. ఆ బిళ్ళలో తన వేళ్ళు ఆడించేది. ఊరు. అల. వెళ్దాం.

కూలివాడికి ఓడ టిక్కెట్టు అందలేదు. ప్రోం దాకా వెళ్ళి, ఐరావతి దాటి, తౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి నడక. ఆ దారినే లక్షమందికి పైగా నడిచారు. ముందు వెళ్ళినవాళ్ళ శవాలు వెనకవాళ్ళకి దారి గుర్తులు. నీళ్ళు లేవు, ఉన్న నీళ్ళలో కలరా. అమ్మ తన చెంగు గుంటడి మణికట్టుకి ముడేసింది. తప్పిపోయిన పిల్లల్ని జనం పేరెట్టి పిలుస్తున్నారు. వీణ్ణి పిలిస్తే పలకడు మరి.

కొండ మీద నా నూనె అయిపోయింది. ఆ రాత్రి సంగతి నేను చూళ్ళేదు, ఆరిపోయి ఉన్నాను. తెల్లారాక ఆమె పక్కవాళ్ళతో చెప్తుంటే విన్నాను. వాంతులతో అలిసి ఆయన పడుకున్నాడట. అర్ధరాత్రి గుంటడు తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకుని, తీసుకెళ్ళి అయ్య గుండె మీద పెట్టాడట. పెట్టి అలాగే నొక్కి పట్టుకున్నాడట. “ఆడికే ముందు తెలిసిందమ్మా, నాకు తెల్దు” అంది.

అక్యాబు, చిట్టగాంగు, కలకత్తా, బి.ఎన్.ఆర్. రైలు. ఆ ప్రయాణమంతా వాడు మీసం మెలేసి అడుగుతూనే ఉన్నాడు. తెలిసీ అడిగాడు. ఆమె దగ్గర దానికి సైగ లేదు.

విజయనగరంలో అన్నగారింటికి చేరింది. స్థిమితపడేలోగా 1942 ఏప్రిల్ 6న విశాఖ రేవు మీద బాంబులు పడ్డాయి. విశాఖ జనం మూటలు కట్టుకుని విజయనగరం వైపు, పల్లెల వైపు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకి తరలిపోయింది, మామూలు మనుషుల మాటేమిటి! మళ్ళీ “దీపాలార్పండి” అనే కేకలు. రోడ్డు మీద మిలిటరీ లారీలు. గుంటడు నడిమధ్యనే నడిచేవాడు, హారను వాడికి లెక్కలేదు. పక్కింటి ముసలామె అంది: “గుంటడి మెడకి గంట కట్టీవే, లారీవోడికి తెలుస్తాది.”

“నా గుంటడు గొడ్డేటి? ఆ గంటేదో లారీకి కట్టుకోమను” అంది అమ్మ. ఆ రోజునుంచి వాడి వెనకే నడిచింది, పెళ్ళీడు వచ్చేదాకా.

రంగం పోవడంతో నాకూ కరువొచ్చింది. అంతకుముందే మార్చి 7న సిరియం నూనె శుద్ధి కర్మాగారాన్ని జపానువాళ్ళకి చిక్కకూడదని ఇంగ్లీషువాళ్ళే తగలబెట్టి వెళ్ళారు. మర్నాడు రంగం పడిపోయింది. ఇంట్లోవాళ్ళు తినే బియ్యంలో, నేను తాగే నూనెలో కొంత ఆ దేశం నుంచే వచ్చేది. పొయ్యీ నేనూ కలిసి పస్తున్నాం. సీసాడు నూనె దొరికితే ఆమె వంట వెలుగుండగానే ముగించి, నన్ను రాత్రి మాటల కోసం దాచేది.

తర్వాత అత్తవారి ఊరు, బారువ పక్క. గుంటడు కొబ్బరిపీచు తాడు పేనడం నేర్చాడు, తనలాగే వినపడని పిల్లని చేసుకున్నాడు. 1969లో ఉద్దానమంతా నక్సలైట్ల పోరు, పోలీసు గస్తీలు. రాత్రి ఎవరో “ఆగు” అంటే వినని మనిషి గతేమిటని ముసలమ్మ కొడుకుని చీకటి పడ్డాక గడప దాటనిచ్చేది కాదు. 1971 డిసెంబరులో, విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజుల్లో, తీరమంతా మళ్ళీ దీపాలార్పారు. ఆ గుంటడే, అప్పటికి పెద్దాయన, ఎవరూ చెప్పకుండానే గంప తెచ్చాడు, దుప్పటి తెచ్చాడు, కానీబిళ్ళంత వెలుగు చేశాడు. వినికిడి ఉన్న ఆయన కూతురు ఆ వెలుగులో అమ్మా నాన్నల వేళ్ళు చూసింది.

ఆయన పోయి చాలాకాలమైంది. కరెంటొచ్చాక నేను అటకెక్కాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరిచెట్లు, స్తంభాలు కలిసి పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు పక్కింట్లో ఆరేళ్ళ పిల్ల ఉండేది. ఆరోగ్యశ్రీలో చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ వేయించారు, దాని మిషను తగిలిస్తే చక్కగా వినేది. రెండోనాటికి ఆ మిషను చార్జింగు అయిపోయింది. పిల్ల మళ్ళీ నిశ్శబ్దంలో పడి, వాళ్ళమ్మ మూతి కేసి చూస్తూ వణికిపోయింది. కరెంటు పోతే ఇలా ఉంటుందని ఆపరేషన్నాడు ఎవరూ అనుకుని ఉండరు. యుద్ధంలోనూ కరెంటు స్తంభాలు కూలతాయి కదా. బాంబులు పడే ఊళ్ళలో ఇలాంటి పిల్లలెందరు ఇలా చూస్తున్నారో.

ఆయన కూతురు, అప్పటికే ముసలావిడ, అటకెక్కి నన్ను దింపింది. బూజు దులిపి, నూనె పోసి, పక్కింటికి పట్టుకెళ్ళింది. ఆ పిల్ల తల్లి నన్ను లాక్కుని పిల్ల మొహం దగ్గర పెట్టబోయింది. ముసలావిడ చెయ్యడ్డం పెట్టింది.

“దాని మొహం మీద కాదమ్మా. నీ చేతుల మీద పెట్టు, నీ మూతి మీద పెట్టు. కనపడాల్సింది నువ్వు.”

మీ ఇంట్లోనో పక్కింట్లోనో వినపడని పిల్లలుంటే, దీపాలు పోయిన రాత్రి మీరూ అలాగే చెయ్యండి. నూనె కాస్త దాచి ఉంచండి.