జిగేలు దీపిక: ఒక పాటకచేరి ప్రకటనకు టీకా తాత్పర్యము

మూలము

"రండి! తరలి రండి! ఈ రాత్రి తొమ్మిది గంటలకు మన రావులపాలెంలో, కళ్ళు జిగేల్మనే లైటింగుతో, భారీ ఎల్‌ఈడీ తెరతో, పొగమంచు ఎఫెక్టులతో, కనీవినీ ఎరుగని రీతిలో బ్రహ్మాండమైన ఆర్కెస్ట్రా! స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు. కావున యావన్మంది ప్రజలు విచ్చేసి జయప్రదం చేయ ప్రార్థన!"

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన కాలంలో ఆటోకి మైకు కట్టేవారు కారు కాబట్టి ఒట్టు నిలబడింది. పై వాక్యానికి వ్యాఖ్య రాసేవాడికి రెండో ఒట్టు కుదరదు. అక్కర్లేనిది మూలంలోనే బోలెడు ఉంది.

గ్రంథకర్త ఎవరో తేలలేదు. వినాయక చవితికీ, దసరాకీ, సంక్రాంతికీ, అమ్మవారి తీర్థానికీ ఊరి పేరొక్కటి మార్చుకుని ఇదే వాక్యం గౌతమికీ వసిష్ఠకీ నడుమ తిరుగుతూంటుంది. అపౌరుషేయమనుకుంటే గొడవ లేదు. "బ్రహ్మాండమైన" అన్నచోట కొన్ని ప్రతుల్లో "దిమ్మతిరిగే" అని పాఠాంతరం. పెద్దలు మొదటిదాన్ని గ్రహించారు, కుర్రాళ్ళు రెండోదాన్ని.

టీక

ఈ రాత్రి తొమ్మిది గంటలకు = పదిన్నరకు. అలంకారశాస్త్రంలో "గంగలో గొల్లపల్లె" అని ఒక ఉదాహరణ చెబుతారు. ఏటి మధ్యన పల్లె ఉండదు కనక ఒడ్డున అని అర్థం లాక్కోవాలి. దీని పేరు లక్షణ. ఇక్కడ కూడా తొమ్మిదికి ఒడ్డున ఎక్కడో అని గ్రహించాలి. ఆ మధ్యకాలమంతా పూర్వరంగం. నాట్యశాస్త్రం ఐదో అధ్యాయంలో భరతుడు దీనికి అంగాలు చెప్పాడు. వాద్యాలు తెచ్చి అమర్చడం ప్రత్యాహారం, పాడేవాళ్ళు కూర్చోవడం అవతరణం, వాద్యాలు పలికించి చూసుకోవడం ఆశ్రావణ, తీగలకు బిగువు తేవడం పరిఘట్టన. ఇలాంటివి తొమ్మిది తెరవెనకే కానిచ్చేయమన్నాడు. మనవాళ్ళు తొమ్మిదీ జనం ఎదటే చేస్తారు. పైగా భరతుడికి తట్టని రెండు అంగాలు కలిపారు: ఒకటి "హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ", రెండోది శాలువాలు. శాలువాలది అన్నిటికంటే పొడుగు.

ఇక్కడ తార్కికుడు అడ్డుపడతాడు. శబ్దకాలుష్యం మీద 2000లో కేంద్రప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకులు కట్టిపెట్టాలి. పండగ రోజుల్లో అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చుకునే వీలు రాష్ట్రానికి ఉన్నా, అది ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. సడలింపు లేని రోజున పదిన్నరకు మొదలయ్యే కచేరి చట్టం దృష్టిలో అరగంట క్రితమే ముగిసింది. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం, పోయాక లేకపోవడం ప్రధ్వంసాభావం. ఈ రెండూ ఒకేచోట కలిసిన వస్తువు న్యాయశాస్త్రంలో లేదు. సమాధానం: రావులపాలెంలో ఉంది.

కళ్ళు జిగేల్మనే లైటింగుతో = చూసేవాడు అరచెయ్యి అడ్డం పెట్టుకునేటంత వెలుతురుతో. దీని వంశవృక్షం కొంచెం చెప్పుకోవాలి. కూచిపూడి భాగవతులు దివిటీల వెలుగులో ఆడేవారు. పాత్ర ప్రవేశించే వేళకు దివిటీ పట్టినవాడు గుప్పెడు గుగ్గిలం పొడి మంట మీద కొట్టేవాడు. మంట భగ్గున లేచేది, ముఖం ఒక్కసారి కనబడేది, మళ్ళీ మసక. ఇవాళ ట్రస్సుకి తలకిందులుగా వేలాడి గిరగిర తిరిగే షార్పీ లైటు చేసేదీ ఆ గుప్పెడు పొడి చేసిన పనే. తేడా ఏమిటంటే దానికి ఆపడం తెలియదు. మసక వస్తేనే కదా మంటకు విలువ.

మధ్యలో పెట్రోమాక్సు లైట్లు, ఆ తర్వాత కరెంటు, సీరియల్ సెట్లు. చట్రానికి కట్టిన రంగు బల్బులతో కృష్ణుడు రథం తోలేవాడు, చక్రాలు గిర్రున తిరిగేవి. నిజానికి అక్కడ తిరిగేది బోర్డు వెనక మోటారుకి బిగించిన రోలరు. దానిమీద రేకులు అంటించి ఉంటాయి; రేకు ఏ తీగకు తగిలితే ఆ వరస బల్బులు వెలుగుతాయి, వదిలితే ఆరుతాయి. బోర్డు ముందు నిలబడి దణ్ణం పెట్టుకునేవాళ్ళు కొందరైతే, వెనక్కి పోయి ఆ రోలరు చూసి నోరు వెళ్ళబెట్టే పిల్లలు కొందరు. ఈ వ్యాఖ్యాతది రెండో పక్షం.

విశేషం: కోనసీమలో ఈ వెలుతురుకు పిలవని ప్రేక్షకులు ఉన్నారు. దసరాకీ దీపావళికీ మధ్య, వరి పండే రోజుల్లో, పచ్చదోమా తక్కిన దీపపు పురుగులూ చేలల్లోంచి దండుగా వస్తాయి. పురుగు ఉధృతి తెలుసుకోవడానికి చేలో దీపపు ఎర పెట్టుకోమని వ్యవసాయశాఖ చెబుతుంది. ఆర్కెస్ట్రా స్టేజిని మించిన దీపపు ఎర మండలంలో ఇంకోటి ఉండదు. పై షడ్జానికి నోరు తెరిచిన గాయని చటుక్కున పెదవులు బిగించి తబలా వైపు విషాదంగా చూసిందంటే అది అభినయం అనుకోకూడదు. అయినా చప్పట్లు కొట్టాలి, ఆ క్షణంలో ఆవిడకి కావలసింది అదే.

భారీ ఎల్‌ఈడీ తెరతో: ఇది మూలంలోని కఠిన ఘట్టం, తీరిగ్గా నడవాలి.

ముందు సమర్థన. మనుషులకు కట్టే నాట్యశాల 64 హస్తాల పొడుగు, 32 హస్తాల వెడల్పు ఉండాలని భరతుడు లెక్క ఇచ్చాడు. హస్తమంటే మూర అనుకుంటే సుమారు 96 అడుగులు, 48 అడుగులు. అంతకు మించి కడితే మాట చెదిరిపోతుందనీ, ముఖంలోని భావం వెనకవాడికి ఆనదనీ కారణం కూడా చెప్పాడు. తీర్థం నాడు జనం కూర్చునే జాగా దీనికి ఎన్ని రెట్లో కొలిచే ఓపిక ఎవరికీ ఉండదు. వెనక వరసవాడికి స్టేజి మీద గాయకుడు బొటనవేలంత, తెర మీద మేడంత. భరతుడు భయపడ్డ చోట ఎల్‌ఈడీ ఆదుకుంది, ఒప్పుకోవాలి. ఒక చిక్కు మాత్రం మిగిలింది. కెమెరా బొమ్మ తెరకు చేరేసరికి రెప్పపాటు ఆలస్యం. శబ్దం కూడా సెకనుకు సుమారు 340 మీటర్ల నడకతోనే వస్తుంది కనక దూరాన కూర్చున్నవాడికి పాట కూడా ఆలస్యమే. ఈ రెండు ఆలస్యాలూ ఎక్కడో ఒక వరసలో కలుస్తాయి. ఆ వరసలో కుర్చీ దొరికినవాడికే పెదవీ పాటా ఒకటిగా అందుతాయి. వాడు పూర్వజన్మలో ఎవరి కచేరీకో తంబురా మోసి ఉంటాడు.

ఇక ఆక్షేపణ. ఇది చూపించే తెర. మనవాళ్ళకు పరువు తెచ్చింది దాచే తెర. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ రాకను తలుచుకోండి. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. వెనక గజ్జెల చప్పుడు, పాట. ముఖం కనబడదు. జడ ఒక్కటి తెర మీదుగా ఇవతలికి వచ్చి పడుతుంది. నన్ను మించి ఆడేవాళ్ళుంటే వచ్చి ఈ జడ కొయ్యండి అని ఆ పడటంలోని సవాలు, అంటుంది భాగవతుల సంప్రదాయం. ఒక గుడ్డ, నాలుగు చేతులు, ఒక జడ. ఖర్చెంతో కమిటీ కోశాధికారి లెక్క వేసుకోవచ్చు. ఆ జడ ఇన్ని తరాలుగా జనం కళ్ళల్లో వేలాడుతోంది.

పరదేశంలో ఈ కిటుకు తెలిసినవాళ్ళు లేకపోలేదు. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు బృందం 1980 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో "ది వాల్" ప్రదర్శించినప్పుడు, పాటలు సాగుతుండగానే కూలీలు బృందానికీ జనానికీ మధ్య అట్ట ఇటుకలతో గోడ కట్టుకుంటూ పోయారు. సగం కచేరీకి పాడేవాళ్ళు గోడ చాటున పడ్డారు. చివర్న గోడ కూలింది. టిక్కెట్టు కొన్నవాడికి కనబడకుండా పాడే ధైర్యం ఎంతమందికి ఉంటుంది! రెండో దారి లాస్ వేగాస్‌లోని స్ఫియర్. 2023 సెప్టెంబరు 29న యూటూ బృందంతో తెరుచుకున్న ఆ గోళం లోపలి తెర 1,60,000 చదరపు అడుగులు. రావులపాలెం భాషలో చెప్పాలంటే, మూడున్నర ఎకరాలు దాటిన కొబ్బరితోట నెత్తిమీదికి వంగినట్టు. అంత తెర కింద పాడేవాణ్ణి వెతుక్కోవాలి.

పెద్ద తెర మీద మోజు మనకు ఎక్కణ్ణుంచో వచ్చింది కాదు. కనుమ నాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురు చట్రం, రంగురంగుల గుడ్డలు. ఎల్‌ఈడీ తెరకు అచ్చంగా ముత్తాత. "అశ్శరభ శరభ" అంటూ మనుషులు భుజాల మీద మోస్తారు. డప్పులు, మేళాలు వెంట నడుస్తాయి. పచ్చని చేలకు అడ్డం పడి వస్తారు, చేను తొక్కినందుకు ఆ రోజు రైతు నొచ్చుకోడు. గంగలకుర్రు ప్రభలు కౌశిక ఏటి నీళ్ళలో దిగి ఒడ్డెక్కే తీరు చూడటానికి జనం గట్ల మీద కిక్కిరిసిపోతారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఉన్నది ఈ ప్రభల తీర్థమే. ఏటి నడుమ ప్రభ ఒకపక్కకి ఒరిగితే గట్టు మీద వేలమంది అటే ఒరుగుతారు. ఎల్‌ఈడీ తెర ఒరగదు. ఒరిగితే పోలీసు కేసు.

పొగమంచు ఎఫెక్టులతో: దీనికి పెద్ద వ్యాఖ్య అక్కర్లేదు. మిషను పొగ వదులుతుంది, గౌతమి మీంచి వచ్చే గాలి దాన్ని పట్టుకుపోయి ఎదర వరసలో పెద్దమనుషుల మొహాల మీద పరుస్తుంది. స్టేజి మీద దేవలోకం ఉండాల్సిన సమయానికి దేవలోకం అధ్యక్షులవారి కుర్చీ దగ్గర ఉంటుంది. లైటింగబ్బాయిని నిలదీస్తే, "పొగ వదలడం వరకే మా పనండి, తర్వాత గోదారమ్మ ఇష్టమండి, ఆయ్" అంటాడు. భాష్యకారులెవరూ ఇంతకంటే క్లుప్తంగా చెప్పలేదు.

కనీవినీ ఎరుగని రీతిలో: పాట వినడానికి వచ్చినవాడికి కన్నుతో పనేమిటని పూర్వపక్షం. సంగీతాభిమానుల్లో ఈ పక్షంవాళ్ళు కళ్ళు మూసుకుని తలాడిస్తారు, అప్పుడప్పుడు గురక కూడా పెడతారు. సమాధానం వసిష్ఠకు అవతల పాలకొల్లులో ఉంది. అక్కడ 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. అంత చిన్న పిల్లవాడి చేతిలో, కర్ణాటక సంగీతానికి అసలు పనికిరాదనుకున్న వాద్యం. చూడకుండా విన్నవాడికి సగమే దక్కింది.

కన్నూ చెవీ ఎక్కడ ఏకమవుతాయో తెలియాలంటే సింహనందిని నృత్యం చూడాలి. సింహనందన తాళానికి ఆవర్తనం ఒక్కింటికి 128 అక్షరాలు. కింద పొడి పరిచి, ఆ తాళానికి నర్తకి ఆడుతూ పోతుంది. పాట ముగిసి పక్కకు తప్పుకుంటే ఆమె పాదాల కింద సింహం బొమ్మ తేలి ఉంటుంది. బొమ్మ గీసిందీ తాళం వేసిందీ ఒకే పాదం. మన ఎల్‌ఈడీ తెర మీద ఏముంటుంది? సీతాకోకచిలుకలు. ప్రేమ పాటకు సీతాకోకచిలుకలు, అమ్మ పాటకు సీతాకోకచిలుకలు, చివరాఖరున జాతీయగీతానికి కూడా ఆపరేటరు మర్చిపోతే అవే. లాప్‌టాప్‌లో ఉన్నవి అవే మరి.

బ్రహ్మాండమైన ఆర్కెస్ట్రా: ఆర్కెస్ట్రా అంటే వాయించేవాళ్ళ గుంపు అని రూఢి. ఒకప్పుడు ఆ మాట కింద వయొలిన్లు, ఫ్లూటు, గిటారు, తబలా, డోలక్, కాంగో, ట్రంపెట్టు నిలువెత్తు మనుషులుగా ఉండేవి. ట్రంపెట్టువాడి బుగ్గలు ఉబ్బడం చూడటానికే పిల్లలు ముందుకు జరిగేవారు. ఇప్పుడు ఒక కీబోర్డు, ప్యాడ్లు, మిగతాదంతా ట్రాక్. లేని వయొలిన్లు వినబడుతూంటాయి. కమిటీ చేతిలో ఉండేది ఒకే సంచి. తెరకి, ట్రస్సుకి, షార్పీలకి చెల్లించాక వాయిద్యగాళ్ళకు మిగిలేది సంచే. లైటింగు కుర్రాళ్ళ మీద ఈ వ్యాఖ్యాతకు కోపం లేదు, వాళ్ళూ రాత్రంతా ఇనుము మోసినవాళ్ళే. కోపమల్లా వాయించేవాళ్ళను తీసేసి ఖాళీ స్టేజిని వెలిగించడం మీద.

మనిషిని తీసెయ్యకుండానే మాయ చేసినవాళ్ళు మనకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో "కీచక వధ"తో మొదలైన సురభి నాటకాలవాళ్ళు తీగలతో, కప్పీలతో మాయాబజారంతా రంగం మీదే పుట్టించారు. తీగ లాగే మనిషి పక్కనే ఉన్నాడని జనానికి తెలుసు. తెలిసే ఘటోత్కచుడికి ఈల వేశారు.

స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు = స్టేజికి ఒక పక్కన, స్పీకర్ల దిమ్మ చాటున, తెర మూడోవంతు మాత్రమే కనబడే కోణంలో కలదు. అన్యాయమని తోస్తుంది. కానీ ఆ కోణం నుంచి సైడు తెర వెనకదంతా కనబడుతుంది. గాయకుడు చరణానికి ముందు మంచినీళ్ళు పుక్కిలించడం, పొగ మిషను పక్కన కుర్రాడు నిద్రకు తూగి లేవడం, యాంకరమ్మ చీటీ చూసుకుని పెద్దల పేర్లు బట్టీ పట్టడం, తబలా ఆయన సుత్తితో శ్రుతి చేసుకోవడం. "అదుగోనే వదినా, వాడి చేతిలో ఏదో మీట ఉంది చూడు, అది నొక్కితేనే పొగ" అని ఒకావిడ చెబుతుంది. ఎదర వరసలో శాలువాల వాళ్ళు చూసింది సీతాకోకచిలుకలు. కచేరీ చూసింది వీళ్ళు.

జయప్రదం చేయ ప్రార్థన = చందా ఇంకా ఇవ్వనివాళ్ళు ఇవ్వవలసిందని వ్యంగ్యార్థం.

ఇది గౌతమీ వసిష్ఠా మధ్యదేశవాసి, అరటి మార్కెట్టులో చక్కెరకేళి గెలల నడుమ తెల్లవారుజామున లోడు లారీల హారన్లు విని శబ్దశాస్త్రం నేర్చినవాడు, ఎదర వరస కుర్చీ ఎన్నడూ దక్కనివాడు అయిన ఒకానొక వ్యాఖ్యాత రచించిన జిగేలు దీపికయందు దృశ్యఖండము. సౌండు సిస్టమ్ మీద శ్రవ్యఖండము చెవుల్లో హోరు తగ్గాక మొదలుపెట్టబడును.