వంకర పళ్లెం తయారుచేయు విధానం

చదునైన పళ్లెం ఎలా చేయాలో దుబాయిలో అల్ కూజ్ వైపు ఏ మట్టిపని స్టూడియోకి వెళ్లినా చెబుతారు. నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూసే పళ్లెం కావాలంటే మాత్రం చెప్పే దిక్కు లేదు. చాలామంది చేస్తూనే ఉన్నారు గానీ, పాపం, అదృష్టం మీద ఆధారపడి చేస్తున్నారు. ఒక పద్ధతి ప్రకారం వెళితే పొరపాటున కూడా తిన్నగా వచ్చే ప్రమాదం ఉండదు. ఎమిరేట్స్‌లో కాపురం ఉంటున్నవారికి ఈ విద్య మరీ సులువు. సగం పని ఇల్లే చేసిపెడుతుంది.

ముందుగా సారె జోలికి పోకండి. సారె మీద కుమ్మరి చెయ్యి మట్టిని చుట్టూ ఒకే తీరున నొక్కుకుంటూ వస్తుంది. అక్కడ వంకర తేవాలంటే శ్రమపడాలి. చేత్తో పలక ఒత్తి చేసే పళ్లెమే మనకు అనువు. మట్టిముద్దను బల్ల మీద పెట్టి చపాతీ కర్రతో ఒకే దిక్కుకు ఒత్తండి. మధ్యలో బోర్లించకండి, అడ్డంగా తిప్పకండి. బంకమట్టి రేణువులు కంటికి కనబడని పలుచని బిళ్లలు. కర్ర ఎటు పోతే అటు బారులు తీరతాయి. దాంతో ఆరేటప్పుడు మట్టి పొడవునా ఒకలా, అడ్డంగా ఒకలా కుంచించుకుంటుంది. తరవాత పలకను ఒక మూల పట్టుకుని పైకెత్తండి. వంగుతుంది. వెంటనే మళ్లీ పరిచి, అరచేత్తో నిమిరి, ఏమీ జరగనట్టు వదిలేయండి. చూడ్డానికి తిన్నగానే ఉంటుంది. కానీ లోపల బిళ్లల వరస చెదిరిపోయింది. పైపైన నిమిరితే అది సర్దుకోదు. కుక్కతోక వంకర అంటారే, అలాగే మట్టిని కాల్చే కిల్న్‌లోంచి బయటికొచ్చేసరికి ఆ మూల మళ్లీ లేచి ఉంటుంది. పైనొకటి కిందొకటి చెక్కలు పెట్టి పలకను వాటి మధ్యే ఉంచి తిప్పేవాళ్లు ఈ భాగ్యానికి నోచుకోరు.

ఇక ఆరబెట్టడం. అసలు ఘట్టం ఇదే. పళ్లెం వంకరపోగానే అందరూ ఎడారి ఎండను తిడతారు. ఎండకు అంత తెలివి లేదు. మట్టి వంగాలంటే ఒక పక్క ముందు ఆరాలి, ఇంకో పక్క వెనకపడాలి. నీళ్లు పోయినకొద్దీ మట్టి తగ్గుతుంది. ముందు ఆరిన పక్క ముందు తగ్గి, ఇంకా మెత్తగా ఉన్న రెండో పక్కను తనవైపు లాక్కుంటుంది. మీ మట్టి పచ్చిగా ఉన్నప్పటి నుంచి కాల్చి తీసేదాకా 12 శాతం తగ్గే రకం అనుకోండి. 30 సెంటీమీటర్ల పళ్లెం 26.4 దగ్గర ఆగుతుంది. ఆ 3.6 సెంటీమీటర్లూ అన్ని వైపులా ఒక్కలా తగ్గిపోతే మన కష్టమంతా వృథా.

ఆ తేడా పుట్టించడానికి స్ప్లిట్ ఏసీని మించిన పరికరం లేదు. షార్జా అపార్ట్‌మెంట్లలో మే నుంచి అక్టోబరు దాకా దానికి విశ్రాంతి ఉండదు. గాలిలోని తడిని పీల్చుతూ, ఒకే దిక్కు నుంచి, ఒకే వేగంతో ఊదుతూ ఉంటుంది. పళ్లేన్ని సరిగ్గా దాని ఎదుట, అద్దం బల్ల మీద పెట్టండి. అద్దం నీళ్లు పీల్చదు గనక అడుగు పచ్చిగానే ఉంటుంది. పైభాగం ఆరి అంచుల్ని పైకి లాగుతుంది. నిలువు గోడల పాత్ర అయితే కొన్ని గంటల్లోనే ఏసీ వైపు ఒరుగుతుంది. పక్కింటావిడ చూసి, “ఇది ఇటు ఒరిగిందేమిటి వదినా?” అంటే “అలా డిజైన్ చేశాను” అనండి. తెలుగువాళ్లలో ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు.

ఏసీ లేని గదిలో పలుచని ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి, జిప్సం బోర్డు మీద, అదీ రోజుల తరబడి ఆరబెట్టమని కొందరు చెబుతారు. దోరగా ఆరాక బోర్లించమంటారు, అంచులు త్వరగా ఆరతాయి గనక వాటికి మాత్రం ఇంకో ప్లాస్టిక్ ముక్క చుట్టమంటారు. రెండు బోర్డుల మధ్య కాగితం వేసి, పైన బరువు పెట్టమనేవారూ ఉన్నారు. వీళ్ల సహవాసం మంచిది కాదు.

ఏసీతో తృప్తి కలగనివారికి బాల్కనీ ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు కూలీలతో ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో నియమం. పళ్లేలకు ఆ నియమం వర్తించదు. పన్నెండున్నరకు బయట పెట్టండి, గోడ నీడ సరిగ్గా సగానికి పడేలా. రాత్రికి అక్కడే వదిలేస్తే, కిటికీ అద్దాలకు చెమటలు పట్టించే సముద్రపు తేమ ఆరినదాన్ని మళ్లీ మెత్తబరుస్తుంది. షమాల్ అనే ఎడారి గాలి వీచే రోజు దొరికితే వదులుకోకండి.

ఇదే దేశంలో ఏసీ లేని కాలంలో ఏం చేశారని అడగొచ్చు. రస్ అల్ ఖైమాలో వాదీ హఖీల్ అనే కొండలోయ ఉంది. అక్కడి కుమ్మరులు శతాబ్దాల తరబడి, 20వ శతాబ్దం దాకా, చేత్తో వంటకుండలూ నిల్వ జాడీలూ చేశారు. పాత రేవు జుల్ఫార్ పేరుతో వాటిని జుల్ఫార్ కుండలు అంటారు. గల్ఫ్ రేవులకు పడవల్లో ఎగుమతి అయ్యేవి. పెంకు విరిచి చూస్తే మట్టిలో ముతక రాతిపలుకులు కనిపిస్తాయి. రాయి ఆరినా తగ్గదు; అది ఎంత కలిస్తే కుండ అంత తక్కువ కుంచించుకుంటుంది, లోపలి తడి బయటికి రావడానికి సందులూ దొరుకుతాయి. మన పద్ధతికి ఇంతకన్నా ద్రోహం ఉండదు. ఆ ద్రోహమే ఇవాళ గ్రాగ్ అనే పేరుతో, కాల్చిన మట్టిపొడిగా, సంచుల్లో దొరుకుతోంది. మీరు మాత్రం నున్నటి మెత్తని మట్టే కొనండి.

పిడి అతికించే పని ఉంటే పూర్తిగా ఎండిన పళ్లేనికి పచ్చి పిడి అతికించండి. దీనికి వివరణ అక్కర్లేదు.

కాల్చడంలో తొందరే ప్రధానం. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్‌జ్ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ ముడుచుకుంటుంది. ఆ మెట్టు దగ్గర ఒక పక్క వేడిగా, ఒక పక్క చల్లగా ఉండేలా వెడల్పాటి పళ్లేన్ని కిల్న్ తీగెల పక్కకు నెట్టండి. గ్లేజ్ పై ముఖానికి మాత్రమే, దట్టంగా పూయండి. అడుగున అల్యూమినా పొడి గానీ ఇసుక గానీ చల్లకండి; చల్లితే పళ్లెం కుంచించుకునేటప్పుడు హాయిగా జారిపోతుంది, చల్లకపోతే కిల్న్ అరను పట్టుకుని పెనుగులాడుతుంది. 1220 డిగ్రీల దాకా పోయే మట్టికి ఇంకో ముప్పై నలభై డిగ్రీలు దయచేయండి. ఆ వేడిలో మట్టి సగం గాజై మెత్తబడుతుంది, ఆసరా లేని అంచు తన బరువుకు తానే దిగిపోతుంది.

చివరగా పరీక్ష. దీనికి నిజంగా చదునైన వస్తువు ఒకటి కావాలి. 1989లో రస్ అల్ ఖైమాలో పుట్టిన రాక్ సెరామిక్స్‌కు మన సామర్లకోటలోనూ ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడిదో అక్కడిదో ఒక టైలు తెచ్చుకోండి. మన చేతిమట్టిలో బరువుకు ఐదోవంతు దాకా నీళ్లే ఉంటాయి. ఇలాంటి టైలు మట్టిని అయిదారు శాతం తడి ఉన్న పొడిగానే ప్రెస్సులో నొక్కేస్తారు. ఆరేటప్పుడు వంగడానికి దానికి అవకాశమే ఇవ్వరు. దాని మీద మీ పళ్లేన్ని పెట్టి ఒక మూల వేలితో నొక్కండి. కదలకుండా కూర్చుంటే మొదటి నుంచి మళ్లీ చేయండి, ఈసారి ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించి. ఎదుటి మూల లేచి టకటకమంటే మీరు ప్యాసయ్యారు.