గోడ కట్టండి, ఆమోదం దానంతటదే వస్తుంది

అధికారం చేతికొచ్చింది, సంతోషం. ఇక మీకు పాలించే హక్కు ఎవరిచ్చారని ఎవడో ఒకడు అడుగుతూనే ఉంటాడు. కంగారు పడొద్దు. 1949 నుంచి 1990 దాకా నడిచిన తూర్పు జర్మనీని చూసి నేర్చుకోండి.

ముందు పేరు. వాళ్లు జర్మన్ డెమోక్రాటిక్ రిపబ్లిక్ అని పెట్టుకున్నారు. పేరులోనే ప్రజాస్వామ్యం ఉన్నాక పాలనలో మళ్లీ ఎందుకు, దండగ.

ఎన్నికలు మాత్రం మానొద్దు. మానేవాళ్లు అనుభవం లేనివాళ్లు. ఒకే జాబితా పెట్టండి. పార్టీలన్నీ అందులోనే ఉండాలి, సీట్లు ముందే పంచేసుకోవాలి. అక్కడ ఓటరు చీటీ అందుకుని, మడిచి పెట్టెలో వేస్తే ఒప్పుకున్నట్టే. కాదనాలంటే పేర్లు కొట్టేయాలి. అందుకు ఓ మూల చాటుగది కూడా ఉండేది. అటు వెళ్లినవాణ్ణి అందరూ చూసేవారు, అంతే. ఓటేయడాన్ని జనం 'మడిచి రావడం' అనేవారట. 1950లో ఆమోదం 99 శాతం దాటింది.

ఎవరైనా తత్వశాస్త్రం తీస్తే సంబరపడండి, అది మీ పక్షమే. ఒక ప్రభుత్వం ఏలుబడిలో ఉంటూ దాని రోడ్ల మీద నడిచినా చాలు, దానికి లోబడతానని నోరు మెదపకుండానే ఒప్పుకున్నట్టని 17వ శతాబ్దంలో జాన్ లాక్ రాశాడు. అంతకు రెండువేల ఏళ్ల ముందే ప్లేటో 'క్రీటో'లో ఏథెన్స్ చట్టాలు సోక్రటీసుతో ఇదే వాదిస్తాయి: ఇన్నాళ్లూ ఊరు విడిచి వెళ్లలేదంటే మమ్మల్ని ఒప్పుకున్నట్టే కదా అని. అంటే ఉండిపోవడమే ఆమోదం. తూర్పు జర్మనీకి వచ్చిన చిక్కల్లా జనం ఉండకపోవడమే. 1961 నాటికి సుమారు 27 లక్షల మంది పడమటికి వెళ్లిపోయారు. ఆ ఏడాది ఆగస్టు 13న బెర్లిన్‌లో ముళ్లకంచె వేశారు, తర్వాత గోడ కట్టారు. ఇక ఎటూ పోలేని దేశమంతా ఆమోదించేసింది! ఆ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. దాటబోయి దాటలేకపోయినవాళ్లూ ఉండిపోయినవాళ్ల కిందే లెక్క.

చిన్న ఇబ్బంది ఉంది. నచ్చనివాడికి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉండాలని లాక్, ప్లేటోల పుస్తకాలు రెండింట్లోనూ ఉంది. ఆ పేజీలు చించేయండి.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం రహస్య పోలీసు సంస్థ స్టాసీ చూసుకుంటుంది. కోటీ అరవై లక్షల జనాభాకి 1989లో దాదాపు 91 వేల మంది పూర్తికాలపు ఉద్యోగులు, వాళ్లకి రెట్టింపు దాకా రహస్య వేగులు.

ఉద్యోగాలు, చౌక అద్దెలు, పసిపిల్లల కేంద్రాలు కూడా ఇవ్వండి. ఇవి వాళ్లు నిజంగానే ఇచ్చారు. అయితే మరీ గొప్పలు చెప్పుకోకండి. అంత సుఖంగా ఉన్న జనానికి గోడెందుకని అడిగితే నా దగ్గరా జవాబు లేదు.

బయటి గుర్తింపు సులువు. 1972లో ఢిల్లీ గుర్తించింది, 1973లో ఐక్యరాజ్యసమితిలో కుర్చీ వచ్చింది. ఊరంతా మర్యాద చేస్తుంటే ఇంట్లోవాళ్లని అడిగేదెవరు?

ఒక్క విషయంలో మాత్రం వాళ్లని అనుసరించకండి. ఓట్ల లెక్కింపును ఎవరైనా చూడొచ్చని చట్టంలో రాసుకుని, తీసేయడం మరిచారు. 1989 మే 7న స్థానిక ఎన్నికలప్పుడు కొందరు పౌరులు నిజంగానే వెళ్లి కూర్చున్నారు. కేంద్రం కేంద్రానా 'కాదు' ఓట్లు రాసుకుని కూడుకున్నారు. ఆమోదం 98.85 శాతమని ఎన్నికల సంఘం అధ్యక్షుడు ఎగాన్ క్రెంజ్ ప్రకటించాడు. లెక్క కుదరలేదు. ఆపైన నెలనెలా 7వ తేదీన అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో నిరసనలు, నవంబర్‌కల్లా గోడ తెరుచుకోవడం!

1990 మార్చి 18న జనం తొలిసారి స్వేచ్ఛగా ఓటేశారు. పేరు మార్చుకున్న పాలక పార్టీకి వచ్చింది 16.4 శాతం. ఆ చాటుగదిని మొదట్లోనే పీకేయాల్సింది.