గన్నవరం పద్యానికి టీకా తాత్పర్యం

గంట చాలు గాలి గన్నవరమునకు
దూర మెంత యనిన దోసెడంత
యిల్లు వదలు వేళ యెవ్వరు లెక్కింత్రు
పయన మరయ జూడ బస్సె మేలు

అవతారిక: కొలిచెలమ మల్లినాథుడు కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు గానీ, ఆయన చేతిలో విమానం టికెట్టు పడలేదు. ఆ లోటు తీర్చే పూచీ నాది. పద్యమూ నాదే కాబట్టి కవిహృదయం మీద పేచీ లేదు.

టీక: గాలి = గాలిదారిన. విభక్తి లోపించింది, కౌంటరు దగ్గర తూకం ఎక్కువై తీయించి ఉంటారు.

గన్నవరమునకు = కవి ‘బెజవాడకు’ అనలేదు, గమనించాలి; బెజవాడ విమానాశ్రయం ఉన్నది గన్నవరంలో. హైదరాబాద్ శివారు శంషాబాద్‌లో విమానం ఎక్కినవాణ్ణి బెజవాడ దాటించి, ఇరవై కిలోమీటర్ల అవతల ఏలూరు రోడ్డులో దింపుతారు. ఆ ఇరవై మళ్ళీ వెనక్కి, రామవరప్పాడు రింగు మీదుగా, కారు కిరాయి ఇచ్చుకుని రావాలి.

దోసెడంత = ఆకాశంలో గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బెజవాడకు రోడ్డు మీద 275 దాకా. పక్షికీ బస్సుకీ తేడా పదే.

గంట చాలు = ఇక్కడ కాస్త నిలవాలి. ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. లెక్కకు అరగంట చాలు. మరి టికెట్టు మీద గంట ఎందుకుంది? చక్రాల కింద దిమ్మ తీసింది మొదలు అక్కడ మళ్ళీ దిమ్మ పెట్టేదాకా లెక్క కడతారు. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడడం, ఆకాశంలోకి ఎక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోవే. ఎగిరేది గంట కాదు, అందులో కొంత పాకుడే.

అరయ జూడ = రెండింటికీ ఒకటే అర్థం; ఒకటి పాదపూరణం. దిగడానికి చోటు దొరక్క విమానం గాలిలో చుట్లు కొట్టడం లాంటిది. లాక్షణికులు దీన్ని పునరుక్తి దోషమంటారు, ఇంధనం ఖర్చు కాకపోయినా.

ఇల్లు వదలు వేళ = పద్యానికి ఇదే ఆయువుపట్టు. ఏడింటి విమానానికి ఆరింటికే కౌంటరు మూస్తారు. ఎల్బీనగర్‌లో నేను నాలుగుముప్పావుకు గడప దాటాలి. ఎనిమిదింటికి దిగి, బెల్టు మీద అందరి పెట్టెలూ రెండేసి ప్రదక్షిణలు చేశాక నాది అందుకుని, బెజవాడ బెంజి సర్కిల్ చేరేసరికి తొమ్మిది.

తాత్పర్యం: గంట ప్రయాణానికి నాలుగుంబావు గంటలు. నాలుగుముప్పావుకే ఎల్బీనగర్‌లో ఎక్కిన బస్సు ఆ పాటికి నందిగామ దాటేసి ఉంటుంది. పైగా దారిలో సూర్యాపేటలో టీ.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘బస్సె మేలు’ బదులు ‘బస్సు మేలె?’ అని ఉంది. అది శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్న మా బావ దిద్దిన పాఠం. ఎల్బీనగర్, హయత్‌నగర్ వాసులు మూలపాఠాన్నే చదువుకోవాలి.