అన్నీ మార్క్ టూలే

వేల్పూర్ చుట్టుపక్కల మూలకు పడ్డ ప్రతి అంబాసిడరూ ఈమధ్య మార్క్ టూ అయి కూర్చుంది. పసుపు కొట్టం వెనక కోళ్లు గుడ్లు పెట్టుకునేదీ మార్క్ టూనే, చక్రాలు లేక రాళ్ల మీద నిలబడ్డదీ మార్క్ టూనే.

దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా బామ్మర్దికి పాత కారు కావాలి. జాగ్వార్ ఈ-టైప్ కొనేవాళ్లు అదృష్టవంతులు. టాపు తీసేదొకటి, తియ్యనిదొకటి, వెనక సీటు ఇరికించిందొకటి. రోడ్డవతల నుంచే పోల్చుకోవచ్చు. మన అంబాసిడర్‌ది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఒళ్లు. 2014లో ఆపేదాకా దాదాపు అదే. మారిందల్లా మొహం. 1962 మార్క్ టూకి సన్న గళ్ల జాలీ, 1975 మార్క్ త్రీకి అడ్డపట్టీలు, 1979 మార్క్ ఫోర్‌కి పెద్ద గళ్ల చిన్న జాలీ. స్క్రూడ్రైవర్ ఉన్నవాడు పొద్దున ఫోర్‌ని సాయంత్రానికి టూ చేస్తాడు.

"గిది డీజిల్ గదా, మార్క్ టూ ఎట్లయితది?" అన్నాను ఒకాయనతో.

"అప్పట్ల పెద్దోళ్లకు స్పెషల్‌గ ఇచ్చిండ్రు సార్."

ముందు సీటు చూసి బామ్మర్ది మురిసిపోయాడు. ఒకటే బెంచీ, గేరు స్టీరింగు పక్కన. ఆ బెంచీ మహిమ నాకు తెలుసు. నిజామాబాద్ షేరింగ్ బండ్లలో డ్రైవర్ కాక ముగ్గురు దాని మీదే. డ్రైవర్ ఒంటి తొడ మీద కూర్చుని, సగం ఒళ్లు కిటికీ బయట పెట్టి తోలేవాడు. పక్కనున్నవాడు గేరుకు అసిస్టెంటు: మోకాలు జరిపితేనే సెకండ్ పడేది. ముసలాయనైతే అంకాపూర్ దాకా ఫస్ట్‌లోనే. కిరాయి ఇద్దామని జేబులో చెయ్యి పెడితే అది పక్కవాడి జేబు. మధ్యలో ఒకడు దిగాలంటే సగం ఊరు దిగాలి.

బోధన్‌లో మా మేనమామ ఇంటి ముందు నుంచి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సార్ల అంబాసిడర్ పోతుంటే అరుగు మీది పెద్దలంతా లేచి నిలబడేవాళ్లు. అది మార్క్ ఎంతో ఎవడికి కావాలి? లోపలున్నాయన తల ఊపాడా లేదా, అంతే చూసేవాళ్లు. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఇప్పుడు లేవడానికి ఆ పెద్దలూ లేరు.

బామ్మర్ది మార్క్ ఫోర్‌కే బయానా ఇచ్చాడు, మార్క్ టూ ధరకి.

"ఫికర్ చెయ్యకు బావా, గళ్ల జాలీ ఆన్‌లైన్ల దొరుకుతది. రేపు అమ్మెటప్పుడు మనం గూడ టూ అనే చెప్తం."